ఎన్900లో మెమరీ కార్డు మీద స్వాప్ పెడితే స్పీడు పెరుగుతదా?

కీప్యాడ్_ప్రేమికుడు

అందరికి నమస్తే. నా దగ్గర నోకియా ఎన్900 ఉంది, మా బావది, ఆయన కొత్త ఫోన్ కొన్నంక ఇది నాకిచ్చిండు. ఫోన్ లెక్క తక్కువ, జేబుల పెట్టుకునే లినక్స్ మిషన్ లెక్క ఎక్కువ వాడుతున్న. స్లయిడ్ జరిపి కీబోర్డు తీసి టెర్మినల్ ఓపెన్ చేసి ఇంట్ల ఉన్న చిన్న సర్వర్‌లకు ఎస్ఎస్‌హెచ్ కొడుత, అంటే ఫోన్ నుంచే వాటిల లాగిన్ అయిత, ఎఫ్‌బీరీడర్ల పుస్తకాలు చదువుత, నోట్స్ రాసుకుంట. బ్రౌజర్ల ఇప్పుడు బయటి సైట్లు చాలావరకు ఓపెన్ కావు గాని ఇంటి సర్వర్ మీద పెట్టుకున్న వికీ పేజీలు మంచిగనే వస్తయి, నాకు అవి చాలు.

ఇప్పుడు సమస్య ఏందంటే రీబూట్ చేసినంక మస్తు ఫాస్టుగ ఉంటది, రెండు మూడు రోజులు ఆన్‌ల ఉంచితే మాత్రం నరకం. టెర్మినల్ నుంచి రీడర్‌కు మారుదామని పైన మూల మీద నొక్కితే తెర అట్లనే ఆగిపోతది, కొంచెంసేపు ఏం కాదు, తర్వాత నేను నొక్కినయన్ని ఒకేసారి జరుగుతయి. కాల్ వస్తే ఇంకా ఘోరం, రింగ్ మోగుతది గాని ఎత్తే బటన్ తెర మీదికి వచ్చేలోపు అవతలోళ్లు కట్ చేస్తున్నరు. టెర్మినల్ల ఫ్రీ కమాండ్ కొట్టి చూస్తే రామ్ మొత్తం నిండి ఉంది, స్వాప్ (రామ్‌ల పట్టని దాన్ని దాచిపెట్టే స్టోరేజీ భాగం) 768 ఎంబీల 310 దాక వాడినట్టు చూపిస్తుంది.

నా దగ్గర క్లాస్ 10 అని రాసున్న 16 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు ఖాళీగ ఉంది. పాత పోస్టులు చదివితే మెమరీ కార్డు మీద స్వాప్ పెడితే ఈ నోకియా టాబ్లెట్లు స్పీడు అయితయి అని చాలామంది రాసిండ్రు. ఇంకో 1 జీబీ స్వాప్ కార్డు మీద పెడితే నిజంగ తేడా ఉంటదా? కార్డు ఖరాబ్ అయితదా? చెయ్యాలంటే ఎట్ల చెయ్యాలె? తెలిసినోళ్లు కొంచెం వివరంగ చెప్పుండ్రి.

సిగ్నల్2జీ

బ్రో అస్సలు వద్దు. ఎస్‌డీ కార్డు మీద స్వాప్ అంటే కార్డుని చంపుకోవడమే, ఫ్లాష్‌కి ఇన్నిసార్లే రాయాలని లిమిట్ ఉంటుంది, స్వాప్ రోజంతా రాస్తూనే ఉంటుంది. పైగా రామ్ కంటే కార్డు ఎన్నో రెట్లు స్లో, స్లో దాన్ని తెచ్చి పెడితే స్పీడు ఎలా పెరుగుతుంది చెప్పు. నన్నడిగితే ఉన్న స్వాప్ కూడా ఆఫ్ చేసెయ్, ఒట్టి రామ్ మీద నడిస్తే ఫాస్టుగా ఉంటుంది.

పెంగ్విన్_బెజవాడ

పైన చెప్పినదాంట్లో సగం నిజమేనండి, ఫ్లాష్‌కి రాతల పరిమితి ఉంటుంది, రామ్ కంటే స్లో అన్నదీ కరెక్టే. కానీ స్వాప్ తీసేస్తే ఫాస్ట్ అవుతుంది అన్నది మాత్రం 256 ఎంబీ మిషన్ మీద పనిచెయ్యదు, దయచేసి ఆ పని చెయ్యకండి. ఎందుకో చెప్తాను.

రామ్ నిండినప్పుడు కెర్నల్, అంటే మెమరీని పంచిపెట్టే సిస్టమ్ గుండెకాయ, చోటు ఖాళీ చెయ్యాలి కదా. ఖాళీ చెయ్యడానికి దాని దగ్గర రెండు రకాల పేజీలు, అంటే చిన్న చిన్న మెమరీ ముక్కలు, ఉంటాయి. ఒకటి ప్రోగ్రామ్ తయారుచేసుకున్న డేటా, దానికి డిస్కు మీద ఎక్కడా కాపీ ఉండదు, కాబట్టి స్వాప్‌లో రాస్తే తప్ప రామ్‌లోంచి తియ్యలేరు. రెండోది ప్రోగ్రామ్ కోడ్, లైబ్రరీలు, ఇవి ఆల్రెడీ ఫైళ్ల రూపంలో ఉన్నాయి కాబట్టి ఊరికే పారేసి కావాల్సినప్పుడు మళ్లీ చదువుకోవచ్చు. స్వాప్ తీసేశారనుకోండి, మొదటి రకం పేజీలు నాలుగు రోజుల నుంచి ఎవరూ ముట్టుకోకపోయినా రామ్‌లోనే తిష్ట వేసుకుని కూర్చుంటాయి, దాంతో కెర్నల్ పాపం రెండో రకం మీద పడుతుంది, అంటే మీరు ఈ క్షణాన వాడుతున్న ప్రోగ్రామ్ కోడ్‌నే పారేసి, మళ్లీ చదివి, మళ్లీ పారేసి... ఫోన్ ఇంకా ఘోరంగా ఆగిపోతుంది, చివరికి మెమరీ చాలక కెర్నలే ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపుతుంది, ఎక్కువసార్లు బలయ్యేది బ్రౌజరే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. మీకు స్వాప్ 768 ఉంది, వాడింది 310, అంటే సగం పైన ఇంకా ఖాళీగానే ఉంది. ఖాళీ ఉన్నదానికి ఇంకో జీబీ కలిపితే ఏం మారుతుందండీ? ఏమీ మారదు. మీ సమస్య స్వాప్ చాలకపోవడం కాదు, ఆ స్వాప్ ఎక్కడుంది, లోపల ఎంత చెదిరిపోయింది అన్నది.

ఎక్కడుంది అన్నది ముందు. ఎన్900లో రూట్ ఫైల్‌సిస్టమ్, అంటే సిస్టమ్ అసలు ఫైళ్లు, 256 ఎంబీ నాండ్ ఫ్లాష్ చిప్పు మీద ఉంటాయి, మిగతాదంతా ఈఎంఎంసీ అనే ఇంకో 32 జీబీ ఫ్లాష్ చిప్పు మీదే. మైడాక్స్ అనే పెద్ద ఫ్యాట్ పార్టిషన్ దాని మీదే, 2 జీబీ హోమ్ దాని మీదే, మీరు ఇన్‌స్టాల్ చేసుకున్న అప్లికేషన్లు ఆప్ట్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి, ఆ ఆప్ట్ కూడా హోమ్ లోపలిదే, ఇవన్నీ కాక 768 ఎంబీ స్వాప్ కూడా ఆ చిప్పు మీదే. మీరు ఒక అప్లికేషన్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు ఒకే చిప్పుని ఒకేసారి పాత ప్రోగ్రామ్ పేజీలు రాయమని, కొత్త ప్రోగ్రామ్ పేజీలు చదవమని, ఆప్ట్‌లోంచి లైబ్రరీ తెమ్మని అడుగుతున్నారు. ఆ చిప్పేమో రాస్తూ ఉన్నంతసేపూ చదివే పనిని పక్కన నిలబెడుతుంది. మీ తెర ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

చెదిరిపోవడం అంటే, రీబూట్ చేసిన కొత్తలో స్వాప్ అంతా ఖాళీ, కెర్నల్ 256 పేజీల గుంపు, అంటే 1 ఎంబీ, వరసగా దొరికితే అందులో వరసగా రాసుకుంటూ పోతుంది. పేజీ అంటే 4 కేబీ. ఫ్లాష్‌కి వరసగా రాయడం అంటే ఇష్టం. రోజులు గడిచేకొద్దీ కొన్ని పేజీలు వెనక్కి వస్తాయి, కొన్ని ఉండిపోతాయి, పల్లెవెలుగు బస్సు బయల్దేరినప్పుడు ఒక కుటుంబం మొత్తం పక్కపక్కనే కూర్చోగలదు గానీ నాలుగు స్టేజీలు దాటాక ఎక్కినవాళ్లు ఎక్కడ ఒక సీటు దొరికితే అక్కడ సర్దుకోవాల్సిందే, అలా అవుతుంది. అప్పుడు కెర్నల్ ఇక్కడ 4 కేబీ, అక్కడ 4 కేబీ రాస్తుంది. ఫ్లాష్ లోపల చెరిపే బ్లాకు చాలా పెద్దది, చిన్న ముక్క మార్చాలన్నా కంట్రోలర్ చుట్టుపక్కల డేటాని కూడా వేరేచోటికి మోసుకుపోవాల్సి వస్తుంది. చదివేటప్పుడూ నష్టమే, ఎందుకంటే స్వాప్‌లోంచి ఒక పేజీ కావాలంటే కెర్నల్ మామూలు సెట్టింగులో పక్కనున్నవి కలిపి 8 పేజీలు తెస్తుంది, పక్కపక్కనే సంబంధం ఉన్న పేజీలుంటే లాభం, చెదిరిపోయాక పనికిరాని ఏడు పేజీలు నిండిన రామ్‌లోకి వచ్చి పడతాయి.

మీకు రీబూట్ చేస్తే బాగుండి రెండు మూడు రోజులకి పాడవడానికి కారణం ఇదేనండి, హార్డ్‌వేర్‌కి ఏం కాలేదు.

కాబట్టి నా మాట ఏమిటంటే స్వాప్ పెంచకండి, కార్డు మీదకి మార్చండి. ఈఎంఎంసీకి ఆ బరువు తగ్గుతుంది, రెండూ వేరువేరు చిప్పులు కాబట్టి ఒకటి రాస్తుంటే ఇంకోటి చదువుకోవచ్చు. ఈఎంఎంసీలో ఉన్న పాత స్వాప్‌ని తీసెయ్యద్దు, దానితో ఇంకో పని ఉంది, తర్వాత చెప్తాను.

ప్లేనో_నుంచి_ఎన్810

నేను ఈ నోకియా టాబ్లెట్లు మొదట్నుంచీ వాడుతున్నాను, ఎన్810 ఇప్పటికీ నా డెస్కు మీద ఉంది. పాత పోస్టుల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తమ్ముడు చదివిన సలహా తప్పు కాదు, అది వేరే మిషన్ గురించి రాసినది.

2005లో వచ్చిన నోకియా 770లో రామ్ 64 ఎంబీ. 2007 జనవరిలో ఎన్800 వచ్చింది, 128 ఎంబీ, రెండు ఎస్‌డీ స్లాట్లు. అదే సంవత్సరం చివర్లో ఎన్810, దాంట్లోనూ 128 ఎంబీనే. వీటన్నిట్లో కొన్న రోజున స్వాప్ ఆన్‌లో ఉండేది కాదు, అసలు గుట్టు అది. కంట్రోల్ ప్యానెల్‌లో మెమరీ అని ఉండేది, దాంట్లో వర్చువల్ మెమరీ ట్యాబ్‌లోకి వెళ్లి టిక్ పెడితే లోపలి కార్డు మీద ఒక దాచిన స్వాప్ ఫైలు తయారుచేసేది, ఎన్800లో 128 ఎంబీ వరకు ఇవ్వచ్చు. ఆ టిక్ పెట్టిన రోజు నాకు కొత్త టాబ్లెట్ కొన్నట్టే అనిపించింది. అంతకుముందు నాలుగు బొమ్మలున్న పేజీ ఓపెన్ చేస్తే బ్రౌజర్ మాయమైపోయేది, ఆర్ఎస్ఎస్ రీడర్ తెరిచి ఉంటే మ్యాప్ తెరుచుకునేది కాదు, మెమరీ చాలదు కొన్ని మూసెయ్యి అని మెసేజ్ వచ్చేది. స్వాప్ వచ్చాక అవన్నీ ఒకేసారి తెరిచి ఉంచుకోగలిగాను.

అది స్పీడా అంటే, ప్రాసెసర్ ఏం మారలేదు, కానీ చచ్చిపోయిన బ్రౌజర్‌ని మళ్లీ మొదట్నుంచి తెరవడంతో పోలిస్తే కార్డు మీంచి కాసిని పేజీలు తెచ్చుకోవడం చాలా చాలా ఫాస్ట్. అందుకే అందరూ స్పీడు పెరిగింది అని రాశారు, వాళ్ల అనుభవం నిజం. ఎన్900కి వచ్చేసరికి నోకియా వాళ్లే 768 ఎంబీ పెట్టి పంపించారు, అంటే ఆ లాభం మీకు ఫోన్ ఆన్ చేసిన మొదటి రోజే వచ్చేసింది. మీకు మిగిలింది పెంగ్విన్ గారు చెప్పిన రెండో రకం లాభం. అదీ తక్కువది కాదు.

అన్నట్టు ఎన్900లో కార్డు మీద స్వాప్ పెట్టేవాళ్లకి ఒక ముఖ్యమైన హెచ్చరిక, ఇది చాలామంది చెప్పరు. వెనక మూత తీసి చూడండి, మూతకి లోపలివైపు ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది, ఫోన్‌లో దాని ఎదురుగా సెన్సర్ ఉంటుంది. మూత కదిలి అయస్కాంతం దూరం జరిగితే కార్డు తీసేస్తున్నారేమో అని ఫోన్ కార్డుని వదిలేస్తుంది. మామూలు ఫైళ్లయితే ఫరవాలేదు గానీ స్వాప్ అందులో ఉంటే, నడుస్తున్న ప్రోగ్రాముల మెమరీలో సగం కాళ్ల కింద నుంచి లాగేసినట్టే, ఫోన్ అక్కడికక్కడే గడ్డకట్టిపోతుంది. స్టాండ్ తీసేటప్పుడు మూత వదులుగా ఉన్న ఫోన్లలో ఇది నిజంగా జరుగుతుంది. సిమ్ మార్చాలన్నా, కార్డు తియ్యాలన్నా ముందు స్వాప్ ఆఫ్ చెయ్యండి, లేదా ఫోనే ఆఫ్ చెయ్యండి. మూత లూజుగా ఉంటే ముందు ఆ సంగతి చూసుకోండి, తర్వాతే ఈ పనులన్నీ.

కీప్యాడ్_ప్రేమికుడు

అన్నా మస్తు వివరంగ చెప్పిండ్రు ఇద్దరు, ఇప్పుడు అర్థమైంది అసలు నా ఫోన్ ఎందుకు ఆగుతుందో. మూత టైట్‌గనే ఉంది, అయస్కాంతం కూడ చూసిన, ఉంది. ఇప్పుడు రెండు అడుగుత. క్లాస్ 10 కార్డు సరిపోతదా, ఇంకా మంచిది కొనాల్నా? ఇంకోటి, సిగ్నల్ అన్న చెప్పినట్టు కార్డు ఎన్ని రోజులకు పోతది?

పెంగ్విన్_బెజవాడ

క్లాస్ 10 అంటే పెద్ద ఫైలు వరసగా రాస్తే సెకనుకి కనీసం 10 ఎంబీ రాస్తుంది అని మాత్రమేనండి, అది కెమెరాలో వీడియో తీసేవాళ్ల కోసం పెట్టిన లెక్క. స్వాప్‌కి కావాల్సింది చిన్న చిన్న ముక్కలు చెల్లాచెదురుగా రాయగలగడం, దాని గురించి క్లాస్ 10 గుర్తు ఏమీ చెప్పదు. క్లాస్ 10 కార్డుల్లో పెద్ద ఫైళ్లు బ్రహ్మాండంగా రాసి, 4 కేబీ రాతల దగ్గర చతికిలబడేవి చాలా ఉన్నాయి.

దానికి వేరే గుర్తుంది, కార్డు మీద ఏ1 అని ఉంటుంది. ఫోన్లలో కార్డు మీద యాప్‌లు నడపడానికని ఎస్‌డీ అసోసియేషన్ పెట్టిన గుర్తు అది. ఏ1 అంటే సెకనుకి కనీసం 1500 ర్యాండమ్ చదవడాలు, 500 ర్యాండమ్ రాతలు. ఏ2 అంటే 4000, 2000. కానీ ఏ2కి డబ్బులు ఎక్కువ పెట్టకండి, ఆ అంకెలు రావాలంటే ఫోన్ వైపు కంట్రోలర్‌కి కూడా కమాండ్ క్యూ, క్యాష్ లాంటివి తెలిసి ఉండాలి, 2009 నాటి ఫోన్‌కి అవి తెలియవు. అలాగే డబ్బా మీద సెకనుకి 100 ఎంబీ, 150 ఎంబీ అని రాసి ఉంటాయి, ఎన్900 కార్డు స్లాట్‌కి ఉన్న దారే సెకనుకి 25 ఎంబీ దాటదు, కాబట్టి ఆ అంకె చూసి మోసపోవద్దు. సైజు కూడా నోకియా చెప్పింది 16 జీబీ వరకే, కానీ 32 జీబీ ఎస్‌డీహెచ్‌సీ కార్డులు కూడా పనిచేస్తాయి. ఏ1 ఉన్న 32 జీబీ కార్డు ఒకటి తీసుకోండి, చాలు.

కొన్నాక మొదటి పని, అది అసలుదో నకిలీదో చూడటం. లినక్స్ కంప్యూటర్‌లో ఎఫ్3 అని ఒక ప్రోగ్రామ్ ఉంటుంది, అది కార్డు నిండా రాసి మళ్లీ చదివి సరిచూస్తుంది. 32 అని రాసి లోపల 8 ఉన్న కార్డు మీద స్వాప్ పెడితే ఏ రోజు ఏ ప్రోగ్రామ్ కూలిపోతుందో చెప్పలేం.

అరుగుదల గురించి లెక్క మీరే వెయ్యచ్చు. ప్రాక్ అనే ఫోల్డర్‌లో విఎమ్‌స్టాట్ అనే ఫైలు చదివితే పిస్వాప్‌అవుట్ అని ఒక అంకె ఉంటుంది, బూట్ అయిన దగ్గర్నుంచి స్వాప్‌లోకి ఎన్ని పేజీలు రాసిందో అది. దాన్ని 4తో గుణిస్తే కేబీలు. మాటవరసకి రోజుకి 500 ఎంబీ రాస్తుందనుకుంటే 32 జీబీ కార్డు మొత్తం ఒకసారి రాసినట్టు అవ్వడానికి రెండు నెలలు పడుతుంది. చిన్న రాతల వల్ల లోపల అంతకంటే ఎక్కువే అరుగుతుంది, ఐదు రెట్లు అనుకోండి, పది రెట్లు అనుకోండి, అయినా ఫ్లాష్ సెల్లు వందల సార్లు చెరిపి రాయడాన్ని తట్టుకుంటుంది. స్వాప్ 1 జీబీయే అయినా కార్డు కంట్రోలర్ ఆ రాతల్ని వేరువేరు చోట్లకి పంచుతుంది, అందుకే పెద్ద కార్డులో ఎక్కువ భాగం ఖాళీగా వదిలేస్తే మంచిది. కార్డు ఏదో ఒకరోజు పోతుంది, ఆ మాట నిజమే, పోతే ఇంకోటి వేసుకోవచ్చు. ఈఎంఎంసీ పోతే మాత్రం బోర్డు మీద అతికించిన చిప్పు అది, ఈ రోజుల్లో ఎన్900కి దాన్ని మార్చేవాడు ఎక్కడ దొరుకుతాడు? అరిగేది ఏదో ఒకటి అరగాల్సిందే అయితే మార్చుకోగలిగింది అరగనివ్వండి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. ఆ కార్డు మీద మాత్రం ఫొటోలు, దాచుకోవాల్సిన ఫైళ్లు పెట్టకండి.

ఇక చేసే పద్ధతి. కార్డుని కంప్యూటర్‌లో పెట్టి రెండు పార్టిషన్లు చెయ్యండి, మొదటిది ఫ్యాట్, ఫోన్ దాన్ని మామూలు కార్డుగా గుర్తుపట్టడానికి, రెండోది 1 జీబీ, రకం లినక్స్ స్వాప్. రెండోది మొదలయ్యే సెక్టర్ నంబరు 8192తో నిశ్శేషంగా భాగించబడేలా చూడండి, అంటే 4 ఎంబీ హద్దు మీద మొదలవ్వాలి, లేకపోతే ప్రతి గుంపు రెండు బ్లాకుల మీద సగం సగం పడి పని రెట్టింపు అవుతుంది. తర్వాత కార్డు ఫోన్‌లో పెట్టి, రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) అయ్యి, ఎమ్‌కెస్వాప్ కమాండ్‌తో ఆ రెండో పార్టిషన్‌ని సిద్ధం చేసి, స్వాప్‌ఆన్ ఇచ్చి, ఆ తర్వాతే పాతదానికి స్వాప్‌ఆఫ్ ఇవ్వండి. ఈ వరస ముఖ్యం. ముందు పాతది ఆఫ్ చేస్తే ఆ 310 ఎంబీ రామ్‌లో పట్టదు, మెమరీ లేదని కమాండ్ ఫెయిలవుతుంది, ఇంకా ఖర్మ బాగోకపోతే ఫోన్ ఉరేసుకుంటుంది. ఎమ్‌కెస్వాప్ కొట్టేముందు ఏ పార్టిషన్ పేరు టైపు చేశారో రెండుసార్లు చదవండి, పొరపాటున మైడాక్స్ పార్టిషన్ మీద కొడితే ఫొటోలన్నీ పోతాయి.

బూట్‌లో ఏ పార్టిషన్లు వాడాలో రాసుండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో రాస్తే సరిపోతుందిగా అనుకుంటారేమో, ఎన్900లో ఆ ఫైలుని బూట్ అయిన ప్రతిసారీ సిస్టమే కొత్తగా రాస్తుంది, మీరు రాసింది పోతుంది. సెట్టింగులుండే ఎట్సీ ఫోల్డర్ లోపల ఈవెంట్.డి అనే ఫోల్డర్ ఉంది, దాంట్లో ఒక చిన్న స్క్రిప్టు పెట్టుకోవాలి, బూట్ పూర్తయ్యాక కార్డు స్వాప్ ఆన్ చేసి అది సక్సెస్ అయితేనే పాతది ఆఫ్ చేసేలాగ. ఆ సక్సెస్ చెక్ తప్పనిసరి, లేకపోతే కార్డు లేకుండా బూట్ చేసిన రోజున అసలు స్వాపే లేకుండా నడుస్తుంది.

పై_జీరో_ఫ్యాన్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాది ఎన్900 కాదు, రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూతో నేనే చేసుకున్న చిన్న హ్యాండ్‌హెల్డ్, 512 ఎంబీ రామ్, కార్డు తప్ప వేరే స్టోరేజీ లేదు. నా పరిస్థితిలో పెంగ్విన్ గారు చెప్పిన వేరు చిప్పు లాభం ఉండదు, సిస్టమూ స్వాపూ రెండూ ఒకే కార్డు మీదే. అందుకని నేను జెడ్‌రామ్ వాడుతున్నాను, అంటే రామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌లాగా చూపించి పేజీల్ని కుదించి అందులో పెడుతుంది, కార్డు జోలికే పోదు. దానికి ఎక్కువ ప్రయారిటీ, కార్డు మీద ఉన్న స్వాప్ ఫైలుకి తక్కువ ప్రయారిటీ ఇచ్చాను, జెడ్‌రామ్ నిండితే తప్ప కార్డు మీదకి వెళ్లదు. ఎడిటర్, టెర్మినల్, చిన్న బ్రౌజర్ మూడూ తెరిచి ఉంచినా హాయిగా ఉంది. ఎన్900లో ఇది కుదరదా?

పెంగ్విన్_బెజవాడ

మంచి పాయింటండి. ఎన్900తో వచ్చిన కెర్నల్ 2.6.28, జెడ్‌రామ్ అసలు లినక్స్ కెర్నల్‌లో స్టేజింగ్ అనే ప్రయోగ దశ దాటి సరిగ్గా కుదురుకున్నది 3.14లో, 2014లో. కాబట్టి ఎన్900తో నోకియా ఇచ్చిన సిస్టమ్ మేమో 5 మీద అలాగే దొరకదు, వేరే కెర్నల్ వేసుకోవాలి. మేమో లెస్టే అని డెవువాన్ లినక్స్ మీద కట్టిన కొత్త సిస్టమ్ ఒకటి ఉంది, అది ఎన్900లో మైక్రో ఎస్‌డీ కార్డు మీంచే బూట్ అవుతుంది, కొత్త కెర్నల్ కాబట్టి అక్కడ జెడ్‌రామ్ కుదురుతుంది. కానీ 256 ఎంబీలోంచే కుదించిన పేజీలకి చోటివ్వాలి కాబట్టి 512 ఎంబీలో వచ్చినంత సుఖం ఆశించకండి. కీప్యాడ్ గారు మేమో 5 మీదే ఉన్నారు, ఆయనకి కార్డు స్వాపే సరైన దారి.

ప్రయారిటీ మాట వచ్చింది కాబట్టి, ఈఎంఎంసీ స్వాప్, కార్డు స్వాప్ రెండూ ఒకే ప్రయారిటీతో ఒకేసారి ఆన్‌లో ఉంచితే కెర్నల్ రెండిట్లోనూ మార్చి మార్చి రాస్తుంది. వినడానికి బాగుంటుంది గానీ అప్పుడు ఈఎంఎంసీ మీద బరువు మళ్లీ మొదటికొస్తుంది. ఒక సమయంలో ఒకటే ఆన్‌లో ఉంచండి.

సిగ్నల్2జీ

ఓకే, స్వాప్ ఆఫ్ చేస్తే కోడ్ పేజీలు పోతాయన్నది నాకు కొత్త విషయం, నా డెస్క్‌టాప్‌లో 16 జీబీ రామ్ ఉంది కాబట్టి తేడా తెలియలేదు అనుకుంటా. మరి స్వాపీనెస్ తగ్గిస్తే సరిపోదా, దీనంతటి బదులు?

ప్లేనో_నుంచి_ఎన్810

స్వాపీనెస్ అంటే పైన చెప్పిన రెండు రకాల పేజీల్లో దేన్ని ముందు బయటకి పంపాలో కెర్నల్‌కి ఇచ్చే మొగ్గు, అంతే. మామూలు లినక్స్‌లో 60 ఉంటుంది. బాగా తగ్గిస్తే స్వాప్ రాతలు తగ్గుతాయి, బదులుగా కోడ్ పేజీలు ఎక్కువ పారేస్తుంది, అంటే స్వాప్ ఆఫ్ చేసిన కథే కొంచెం మెత్తగా. 30 దగ్గర పెట్టి చూడమంటాను, సున్నా మాత్రం వద్దు. ఎన్ని చేసినా 256 ఎంబీలో పట్టనిది పట్టదు కదా, ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి, ఆ చోటు బాగుండాలి.

కీప్యాడ్_ప్రేమికుడు

అన్నలూ, చేసిన. ముందుగాల నా పాత 16 జీబీ కార్డును ఎఫ్3తోటి చూస్తే అది నకిలీది అని తేలింది, సగం దాటినంక రాసిందంత చెత్త. ఒక షాపుల కొన్నదే, పేరెందుకు. అదే కార్డు మీద స్వాప్ పెట్టి ఉంటే ఏమైతుండెనో. ఏ1 కార్డు 32 జీబీది తెచ్చి మల్ల టెస్ట్ చేసి, చెప్పినట్టు పార్టిషన్లు చేసి, కొత్తది ఆన్ చేసి పాతది ఆఫ్ చేసిన. ఆఫ్ అయ్యేటందుకు చాలాసేపు పట్టింది, ప్రాంప్ట్ రాలే, ఆగిపోయిందేమో అనుకున్న గాని మెల్లగ వచ్చింది.

తేడా ఎక్కడ కనపడ్డదంటే అప్లికేషన్ మారేటప్పుడు. ముందు తెర మొత్తం ఆగేది కదా, ఇప్పుడు కిటికీల బొమ్మలు వెంటనే వస్తున్నయి, దాంట్ల ఒకటి నొక్కితే లోపలిది నిండేటందుకు కొంచెం టైం పడుతది, అంతే. కాల్ వస్తే రింగ్‌తో పాటే బటన్ వస్తుంది. ఏదన్నా ఇన్‌స్టాల్ అయితున్నప్పుడు ముందు వేరే పనే చెయ్యనిచ్చేది కాదు, ఇప్పుడు టెర్మినల్ల టైపు చేసుకోవచ్చు. బ్రౌజర్ల పెద్ద పేజీ ఎక్కితే మాత్రం ఇదివరకు ఎంత స్లోనో ఇప్పుడూ అంతే, అది ప్రాసెసర్ సంగతి అనుకుంట, 600 మెగాహెర్ట్జ్ కదా.

పెంగ్విన్ అన్నా, పాత స్వాప్‌తోటి ఇంకో పని ఉంది అన్నవు, అదేంది?

పెంగ్విన్_బెజవాడ

చాలా సంతోషమండి. కాల్ ఎత్తగలుగుతున్నారంటే అసలు పని అయినట్టే.

పాతదాని పని ఏమిటంటే, కార్డు మీద స్వాప్ కూడా రోజులు గడిచేకొద్దీ చెదిరిపోతుంది, ఏ చిప్పు మీదున్నా ఆ గుణం పోదు. మళ్లీ లాగ్ మొదలైనప్పుడు రీబూట్ చెయ్యక్కర్లేదు. ఈఎంఎంసీ స్వాప్ ఆన్ చేసి, కార్డుది ఆఫ్ చెయ్యండి. కార్డులో చెల్లాచెదురుగా ఉన్న పేజీలన్నీ బయటకొచ్చి ఖాళీగా ఉన్న ఈఎంఎంసీ స్వాప్‌లో వరసగా సర్దుకుంటాయి. వెంటనే అదే పని తిరగేసి కార్డుది ఆన్ చేసి ఈఎంఎంసీది ఆఫ్ చెయ్యండి, మళ్లీ కార్డు మీదకి వస్తాయి, ఈసారి వరసలో. మీ ఎస్ఎస్‌హెచ్, తెరిచిన పుస్తకం, ఏవీ మూసుకోవాల్సిన పనిలేదు. రెండు చోట్ల స్వాప్ ఉంటేనే ఇది కుదురుతుంది, అందుకే పాతదాన్ని ఉంచమన్నాను.

ఇది గంటకోసారి, రోజుకోసారి అని టైమర్ పెట్టి చెయ్యకండి, చేసిన ప్రతిసారీ వందల ఎంబీలు రాస్తుంది, ఊరికే అరుగుదల. విఎమ్‌స్టాట్‌లో పిస్వాప్‌అవుట్ పక్కనే పిస్వాప్‌ఇన్ అని ఉంటుంది, అప్లికేషన్ మారేముందు ఒకసారి, మారాక ఒకసారి చూడండి, ఫ్రెష్‌గా ఉన్నప్పుడు ఎంత పెరుగుతోందో గుర్తుపెట్టుకోండి. అదే పనికి ఆ అంకె బాగా ఎక్కువ పెరుగుతూ, తెర కూడా ఆగుతుంటే అప్పుడు చెయ్యండి. చేసేటప్పుడు తప్పనిసరి కాదు గానీ బ్రౌజర్ మూసేస్తే మొయ్యాల్సిన పేజీలు తగ్గి త్వరగా అయిపోతుంది. ఛార్జర్ పెట్టి, కాల్ రాదనుకున్న టైమ్‌లో చెయ్యండి, మధ్యలో వెనక మూత ముట్టుకోకండి. ఈవెంట్.డి స్క్రిప్టులో ఉన్న సక్సెస్ చెక్కునే ఇక్కడా రెండు వైపులా పెట్టుకుంటే డెస్క్‌టాప్ మీద ఒక ఐకాన్‌గా చేసుకోవచ్చు, రాసి ఇక్కడ పెట్టండి, ఒకసారి చూసి చెప్తాను.